వీపు మీద పేరు

బురుల్చా మా వీధిలోకి అడుగుపెట్టిందే గొడవతో.

బిష్కెక్ చివర, నగరం చెత్తంతా పోసే గుట్ట దాటాక, మట్టి ఇటుకలతో ఎవరికి వాళ్ళం కట్టుకున్న కాలనీ మాది. పేరు ఆక్-కషాత్. బస్సు మలుపు దగ్గర నాకొక తందూరు పొయ్యి ఉంది. రొట్టెలు కాల్చి అమ్ముతాను. కాలనీలోకి ఎవరు రావాలన్నా, కాలనీ నుంచి ఎవరు పోవాలన్నా నా పొయ్యి ముందు నుంచే. ఆ రోజు ఒక లారీ వచ్చి మలుపులో ఆగింది. లోపలి రోడ్డు మోకాటి లోతు బురద. డ్రైవరు సామానంతా అక్కడే దించేస్తానంటున్నాడు. లారీలోంచి ముప్పై ఏళ్ళావిడ దిగింది. వెనకాలే పదేళ్ళ పిల్ల.

“ఇంటి దాకా అని కదా మాట్లాడుకున్నాం?” అందావిడ.

“ఇల్లెక్కడుందమ్మా ఇక్కడ? అంతా బురదేగా.”

“సరే, దించు. దించాక బండి ఎలా కదుల్తుందో నేనూ చూస్తా.”

అని పోయి లారీ చక్రాల ముందు బురదలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. డ్రైవరు హారన్ కొట్టాడు. తిట్టాడు. చివరికి నవ్వుకుంటూ బండి లోపలికి పోనిచ్చాడు. కుట్టుమిషను, రెండు బొంతలు, ఒక ట్రంకుపెట్టె, అంతే ఆమె సంసారం. భర్త అట్‌బాషీ వైపు కనుమ దారిలో మంచు తీసే ట్రాక్టరు నడిపేవాడట. కొండ మీది మంచు విరిగిపడి ట్రాక్టరుతో సహా పోయాడు.

సాయంత్రం ఒక రొట్టె తీసుకెళ్ళి ఇచ్చాను. “ఎంత?” అంది. కొత్తవాళ్ళకి మొదటి రొట్టె ఊరికే ఇస్తానన్నాను. నన్ను కిందికీ మీదికీ చూసి, నా ఏప్రన్ విప్పించుకుని, చిరిగిన జేబు కుట్టి తిరిగిచ్చింది. “ఇప్పుడు తింటాను ఎజే” అంది. మా వైపు పెద్దదాన్ని ఎజే అనే పిలుస్తారు, అక్కా అన్నట్టు; పెద్దవాణ్ణి బాయ్‌కే అంటారు, అన్నా అన్నట్టు. ఆ తర్వాత కొన్నాళ్ళకి కాలనీ అంతా ఆమెనే ఎజే అనడం మొదలుపెట్టింది. నాకంటే పెద్దవాళ్ళు కూడా.

మొదటి శీతాకాలంలోనే ఆమెకొక దెబ్బ తగిలింది. నగరం నుంచి ఎవరో దాతలు స్కూలుకి పిల్లల చలికోట్లు తెచ్చారు. మంచి మనసుతోనే తెచ్చి ఉంటారు, నేను కాదనను. కానీ స్టేజీ కట్టారు. మైకులో పేరు పిలిస్తే తల్లీ పిల్లా పైకి ఎక్కాలి. కోటు పట్టుకుని నిలబడాలి. ఫొటో తీస్తారు, కింద అందరూ చప్పట్లు కొడతారు. బురుల్చా కూతురు నుర్జాత్‌కి పసుపుపచ్చ కోటు వచ్చింది, కాలరుకి కుందేలు బొచ్చు. పిల్ల ఎంత మురిసిపోయిందో! మర్నాడు క్లాసులో ఒక అమ్మాయి, “స్టేజీ కోటు వచ్చింది చూడండే” అంది. అంతే. నుర్జాత్ ఆ కోటు ముట్టుకోలేదు. జనవరి అంతా ఒక్క స్వెటరుతో స్కూలుకెళ్ళి దగ్గు తెచ్చుకుంది.

బురుల్చా పిల్లని తిట్టలేదు. ఒక ఆదివారం కోటు మొత్తం కుట్లు విప్పేసింది. బట్ట లోపలివైపు పైకి తిప్పి, వాల్‌నట్ తొక్కల రంగులో ముంచి, కాలరు పీకేసి, టోపీ పెట్టి, వేరే కోటుగా కుట్టింది. ఈసారి పిల్ల వేసుకుంది. “ఎవరిచ్చారే?” అని క్లాసులో అడిగితే, “మా అమ్మ కుట్టింది” అందట.

బురుల్చా ఆ మాట నాకు చెప్పినప్పుడు పళ్ళు బిగబట్టి చెప్పింది. “స్టేజీ ఎక్కింది నేను కదా ఎజే. ఎక్కనని అనాల్సింది నేను కదా. ఇంకెప్పుడూ ఎక్కను. ఎవర్నీ ఎక్కనివ్వను.”

ఆ మరుసటి ఏడాది నుంచి తాడు మొదలైంది. దోర్దోయ్ బజారు దగ్గర ఒక కుట్టు కార్ఖానాలో ఆమెకి పని దొరికింది. అక్కడి ముక్కబట్టలు, బజారులో కంటెయినర్ల కొట్లు నడిపే ఆడవాళ్ళ ఇళ్ళలో పడున్న పాత కోట్లు మూటలు కట్టి బస్సులో మోసుకొచ్చేది. చిరుగులు కుట్టి, గుండీలు వేసి, తన ఇంటి బయటి గోడ పొడుగునా, రేకుల చూరు కింద ఒక తాడు కట్టి వేలాడదీసేది. కావలసినవాళ్ళు తీసుకెళ్ళొచ్చు. ఉన్నవాళ్ళు తెచ్చి తగిలించొచ్చు. అడగక్కర్లేదు, దండం పెట్టక్కర్లేదు. అక్కడ ఎవరూ నిలబడి చూడకూడదు. నేనొకసారి ఎవరు తీసుకుంటున్నారా అని తొంగి చూస్తే లోపల్నుంచి కేక వేసింది: “ఐషా ఎజే! అక్కడ నీ రొట్టెలు మాడుతుంటే ఇక్కడేం చూస్తున్నావ్?” ఆ పూట నిజంగానే మాడాయి.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. నుర్జాత్ నర్సు కోర్సులో చేరింది. అప్పుడొచ్చాయి ఆ శీతాకాలం పార్లమెంటు ఎన్నికలు.

నవంబరు చివర్లో పోలింగు. అక్టోబరు నుంచే నగరంలో ఖాళీ గోడ కనిపించడం మానేసింది. వంతెనల మీద, బస్సుల మీద, ఆసుపత్రి కంచె మీద, ఎక్కడ చూసినా ముఖాలే. అందరికంటే పెద్ద ముఖం షెర్నియాజోవ్‌ది. ఇటుకా సిమెంటూ అమ్మే పెద్ద బజారు ఆయనది. మా మలుపు దగ్గరే రెండంతస్తుల ఎత్తు బోర్డు పెట్టారు. దానికి రాత్రంతా లైట్లు. మా వీధిలో లైటు లేదు కాబట్టి కొన్నాళ్ళు మేమంతా ఆయన ముఖం వెలుతుర్లోనే ఇంటికెళ్ళాం. పొయ్యిలు బాగుచేసే జుమాష్ బాయ్‌కే ఆ బోర్డు కింద నిలబడి, “దీనికి నెలకిచ్చే అద్దె మనకిస్తే వీధి మొత్తానికీ వసంతం దాకా బొగ్గొస్తుంది” అనేవాడు.

ఒక మధ్యాహ్నం షెర్నియాజోవ్ ప్రచారం పనులు చూసే కుర్రాడు ఎల్దియార్ వచ్చాడు. మర్యాదస్తుడే. పల్చటి పట్నపు కోటు, బురదకి పనికిరాని బూట్లు. నా పొయ్యి దగ్గర దారి అడిగితే నేనే వెంటబెట్టుకుని బురుల్చా ఇంటికి తీసుకెళ్ళాను. టీ పోసింది. బూరెల్లాంటి బోర్సోక్‌లు పెట్టింది.

“ఎజే, మీ తాడు గురించి విన్నాం” అన్నాడు. “మా పెద్దాయన ఒక వ్యాను నిండా కొత్త జాకెట్లు పంపిస్తారు. మీ చేత్తో పంచండి.”

బురుల్చా ముఖం వెలిగిపోయింది. “కొత్తవే? చిన్నపిల్లల సైజులున్నాయా?”

“అన్ని సైజులూ ఉన్నాయి.” అని సంచిలోంచి ఒకటి తీశాడు. ఎర్ర జాకెట్, దళసరిగా, వెచ్చగా ఉంది. వెనక్కి తిప్పాడు. వీపు మొత్తం తెల్లటి అక్షరాలు: షెర్నియాజోవ్. కింద పార్టీ గుర్తు.

బురుల్చా టీ గిన్నె కింద పెట్టింది. “పేరు లేనివి తేగలవా తమ్ముడూ?”

“పేరు లేకపోతే అసలు రావెజే. అర్థం చేసుకోండి. ఇవి దానం లెక్కలో లేవు, ప్రచారం లెక్కలో ఉన్నాయి. పేరు కనపడకపోతే నాకు డబ్బు పాసవదు.”

“అలా చెప్పు మరి. నువ్విచ్చేది జాకెట్లు కాదు. మా వీపులు అద్దెకి తీసుకుంటున్నావ్. ఆ బోర్డుకైతే నెల నెలా అద్దె కడతారు. మా అద్దె ఒక్క జాకెట్టేనా?”

ఎల్దియార్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

“సరే, విను. జాకెట్లు తీసుకుంటాను. చలి చాలా ఉంది, పిల్లలున్నారు. పేరు మాత్రం తీసుకోను. ఇప్పుడే చెప్తున్నా, తర్వాత చెప్పలేదనకు.”

“మీరు భలే మాట్లాడతారెజే” అని వాడు ఇంకో బోర్సోక్ తీసుకున్నాడు. ముసలమ్మ కబుర్లనుకున్నట్టున్నాడు. ఆమెకింకా నలభై కూడా రాలేదు.

వ్యాను వచ్చింది. ఆ వారమంతా మేము ఆమె ఇంట్లోనే ఉన్నాం. నేను పొద్దుటి రొట్టెలు అమ్ముడయ్యాక వెళ్ళేదాన్ని. ఇంకో అయిదారుగురు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. బురుల్చా దాచిన ముక్కబట్టలన్నీ బయటికి తీసింది. ఒక్కో జాకెట్ వీపు మీద, అక్షరాలు పూర్తిగా మునిగిపోయేలా, ఒక్కో పెద్ద అతుకు. ఒకదాని మీద పొట్టేలు కొమ్ములు, ఒకదాని మీద ఆపిల్ పండు, ఒకదాని మీద చందమామ. పక్కింటి చంటిదాని జాకెట్ మీద పిల్లి. ఆ పిల్లి నేను కుట్టిందే, అందుకే కాస్త గొర్రెలా ఉంది.

జుమాష్ బాయ్‌కే గుమ్మంలో నిలబడి విసుక్కున్నాడు. “ఏమ్మా, నీ పట్టుదల కాకపోతే! చలికి చదువొచ్చా? వీపు మీద ఏం రాసుందో చదివి వదిలేస్తుందా?”

“చలికి రాదు బాయ్‌కే. మన పిల్లలకొచ్చు” అంది బురుల్చా, సూదిలో దారం ఎక్కిస్తూనే.

తయారైనవి తాడు మీదికి ఎక్కాయి. మధ్యాహ్నానికల్లా తాడు ఖాళీ.

పోలింగుకి పది రోజుల ముందు సినిమా తీసేవాళ్ళొచ్చారు. టీవీలో వేసే ప్రచారం కోసమట. గాల్లో ఎగిరే కెమెరా కూడా తెచ్చారు. చెవులు తెగిపోయే చలి. ఎర్ర జాకెట్లు తీసుకున్నవాళ్ళంతా స్కూలు మైదానానికి రావాలని, వచ్చినవాళ్ళకి వేడి వేడి పలావు పెడతారని వీధి పెద్ద చెప్పి వెళ్ళాడు. అందరూ వచ్చారు. పలావంటే ఎవరు రారు? ముందువైపు నుంచి చూస్తే మైదానమంతా ఎర్రగా కళకళలాడుతోంది. ఎల్దియార్ సంతోషంగా అటూ ఇటూ పరుగెడుతున్నాడు. షెర్నియాజోవ్ కారు దిగాడు. ఎత్తైన మనిషి, మంచి గొంతు, ఒంటె రంగు పొడుగు కోటు.

“ఇప్పుడందరూ ఒక్కసారి వెనక్కి తిరగండి!” అని ఎల్దియార్ మైకులో అరిచాడు. “పెద్దాయన మీ మధ్యలోంచి నడిచొస్తారు!”

అందరూ వెనక్కి తిరిగారు.

కొమ్ములు. ఆపిల్ పళ్ళు. చందమామలు. పువ్వులు. గొర్రెలాంటి పిల్లి. ఎక్కడా ఒక్క అక్షరం లేదు. గాల్లో కెమెరా అలా గిరగిరా తిరుగుతూనే ఉంది. ఎల్దియార్ ముఖం పలావు మీద కప్పిన గుడ్డలా పాలిపోయింది.

షెర్నియాజోవ్ నిదానంగా నడిచొచ్చి అడిగాడు. “ఈ పని ఎవరిది?”

“నాది” అంటూ బురుల్చా ముందుకొచ్చింది. ఆమె ఒంటి మీద తన పాత గోధుమరంగు కోటే ఉంది. దాని వీపు మీద కూడా పొట్టేలు కొమ్ముల అతుకు. ఆడవాళ్ళం సరదాకి కుట్టాం.

“ఎందుకు చేశారెజే? నా సొంత డబ్బుతో కొన్నానివి. నా పేరుంటే తప్పేంటి?”

“చెప్పే చేశానండీ. మీ కుర్రాణ్ణడగండి. మీ పేరు మీద నాకేం కోపం లేదు. అంత ఇష్టమైతే మీ వీపు మీద రాసుకోండి. ఇంత ఖరీదైన కోటు వేసుకున్నారు, ఎవరిచ్చారో మాకెలా తెలుస్తుంది?”

ముందు ఎవరో ఆడపిల్ల కిసుక్కుమంది. తర్వాత మైదానమంతా నవ్వింది. షెర్నియాజోవ్ చెవులు ఎర్రబడ్డాయి. చలికేమో.

ఎల్దియార్‌కి ఒళ్ళు తెలియలేదు. “అతుకులు విప్పేయండి! విప్పని వాళ్ళు జాకెట్లిచ్చేసి వెళ్ళండి!” అని మైకులోనే అరిచాడు.

నవ్వు ఆగిపోయింది. గోదాము కాపలా చేసే ఒముర్కుల్ తాత ముందుకొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. జిప్పు లాగాడు, జాకెట్ విప్పాడు, మడతపెట్టి షెర్నియాజోవ్ చేతిలో పెట్టాడు. లోపల పల్చటి చొక్కా. అలాగే నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని. ఆయన గడ్డం వణకడం మాకందరికీ కనిపిస్తోంది. తర్వాత ఒకావిడ జిప్పు మీద చెయ్యి వేసింది. ఆమె వెనక ఇంకొకతను.

“వద్దు తాతా, వద్దు! వేసుకోండి! కెమెరా ఆపండ్రా!” అని షెర్నియాజోవే స్వయంగా జాకెట్ తాత భుజాల మీద కప్పాడు.  కారెక్కి వెళ్ళిపోయాడు. పలావు మాత్రం ఉండిపోయింది. తిన్నాం. చాలా బాగుంది.

అంతటితో అయిపోలేదు. మూడో రోజు బొగ్గు లారీలొచ్చాయి. వీధి పెద్ద ఇంటింటికీ తిరిగి చెప్పాడు: అతుకు విప్పి, పేరు కనపడేలా జాకెట్ వేసుకుని, కెమెరా ముందు ఒక్క ముక్క ‘ధన్యవాదాలు’ చెప్తే ఇంటికి అరటన్ను బొగ్గు. బొగ్గు లేని ఇళ్ళు మా వీధిలో సగం.

మొదట వచ్చింది జుమాష్ బాయ్‌కేనే. జాకెట్ చేతిలో పట్టుకుని బురుల్చా గుమ్మంలో నిలబడ్డాడు, తల దించుకుని. “కత్తెరిస్తావా? మా కోడలికి నెలలు నిండాయి. గదిలో గోడల మీద మంచు పేరుకుంటోంది.”

“కత్తెరతో లాగితే బట్ట చిరుగుతుంది, ఇటివ్వు” అని తీసుకుని, కూర్చుని, ఒక్కో కుట్టూ జాగ్రత్తగా తనే విప్పింది. అతుకు తీసి అతని జేబులో పెట్టింది. “మార్చిలో తీసుకురా, మళ్ళీ కుట్టిస్తా.”

“నీకు కోపం లేదా?”

“చాలా ఉంది బాయ్‌కే. నీ మీద మాత్రం లేదు. కెమెరా ముందు ధన్యవాదాలు చెప్పేటప్పుడు తలెత్తి చెప్పు. బిచ్చం కాదది, నీ వీపు అద్దె. ఇంకో అరటన్ను అడుగు.”

అతను నిజంగానే అడిగాడు. ఇవ్వలేదనుకోండి.

ఆ రోజు ఆమె ఇంకో పాతిక జాకెట్ల అతుకులైనా విప్పి ఉంటుంది. విప్పనివాళ్ళు విప్పలేదు. ఒముర్కుల్ తాతకి బొగ్గు లేదు. తన గోదాములో పాత చెక్కపెట్టెలు విరగ్గొట్టి కాల్చుకున్నాడు. ఎవరు విప్పారో ఎవరు విప్పలేదో మేమెవరం నోరెత్తి అనుకోలేదు. బురుల్చా అననివ్వలేదు.

వారం తిరక్కుండా ఆమె పని పోయింది. కార్ఖానా నడిపే గుల్‌బారా ఏడుపు ముఖంతో చెప్పిందట: “ఈ షెడ్డు షెర్నియాజోవ్ వాళ్ళదే బురుల్చా, అద్దెకుంటున్నాం. ఎన్నికలయ్యేదాకా సెలవు తీసుకో.”

“అయ్యాక?”

“చూద్దాం.”

“ఇంక చూడ్డానికేముంది?” అని తన కత్తెర, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే తన అంగుస్తానా తీసుకుని వచ్చేసింది.

మైదానంలో జరిగిందంతా ఎవరో ఫోనులో తీసి వదిలారు. దేశమంతా చూసింది. ‘మీ వీపు మీద రాసుకోండి’ అనే మాట బజార్లో పిల్లలు కూడా అనడం మొదలుపెట్టారు. పోలింగుకి ఇంకా కొన్ని రోజులుందనగా మా మలుపులోకి ఇంకో పెద్ద కారొచ్చింది. షెర్నియాజోవ్‌కి పోటీగా నిలబడ్డ పార్టీ వాళ్ళు. చోల్పోన్ అనే ఆవిడ దిగింది. చేతిలో కేకు. బురుల్చాని చూడగానే కౌగిలించుకుని కళ్ళు తుడుచుకుంది.

“మీరు ఈ దేశపు మనస్సాక్షి ఎజే! ఊరంతా మీ ఫొటోతో బోర్డులు పెడతాం. కింద ఒక్క మాట, ‘మా వీపులు అమ్మకానికి లేవు!’ మీ పని పోయిందని విన్నాం. అయిదు కొత్త మిషన్లిస్తాం. మీ సొంత కార్ఖానా పెట్టుకోండి.”

 బురుల్చా తడబడటం నేను చూసింది అదొక్కసారే. వేళ్ళతో బల్ల మీది గుడ్డ అంచు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

“మిషన్ల మీద ఏమన్నా రాసుంటుందా?”

“చిన్న స్టిక్కరే, అంతే.”

చోల్పోన్ కారులో కూర్చుని జవాబు కోసం ఆగింది. లోపల తల్లికీ కూతురికీ మాట మాట పెరిగింది. నుర్జాత్ తీసుకోమనే అంది.

“అమ్మా, పోస్టరు నాలుగు రోజులుంటుంది. మిషన్లు పదేళ్ళుంటాయి. నా ఫీజెలా కడతావ్?”

“స్టేజీ కోటు వేసుకోనన్నది నువ్వు కాదూ?”

“అప్పుడు నేను పదేళ్ళ పిల్లని! దాన్నెప్పుడో మర్చిపోయాను.”

“నువ్వు మర్చిపోయావు. నేనప్పుడు ముప్పై ఏళ్ళదాన్ని, నేను మర్చిపోలేదు. వాడు పేరు రాసుకోవడానికి నా వీపు అడిగాడు. వీళ్ళు ముఖం అడుగుతున్నారు. వాడికి లేదన్నది వీళ్ళకి ఇస్తే, నా బాధ పేరు గురించి కాదని, ధర గురించనీ అవుతుంది.”

నుర్జాత్ ఏడ్చింది. తలుపు విసిరికొట్టి బయటికెళ్ళింది. బురుల్చా కేకు తీసుకెళ్ళి కారులో పెట్టింది. “టీకి ఎప్పుడైనా రండి, ఫొటో లేకుండా” అని చెప్పింది.

రెండో రోజు పొద్దున నేను పొయ్యి వెలిగిస్తుంటే పనివాళ్ళు బస్సు షెల్టరు మీద కొత్త బ్యానరు కడుతున్నారు. తల తిప్పి చూసి కొయ్యబారిపోయాను. బురుల్చా వీపు! మైదానంలో తీసిన బొమ్మే. గోధుమరంగు కోటు, పొట్టేలు కొమ్ములు. కింద ఆ పార్టీ పేరు, ‘మా వీపులు అమ్మకానికి లేవు!’ ముఖం లేదు కాబట్టి ఫర్వాలేదనుకున్నట్టున్నారు.

నేను వెళ్ళి చెప్పాను. ఆమె చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు. పెద్ద కత్తెర పట్టుకుని వచ్చింది. జుమాష్ బాయ్‌కే నిచ్చెన తెచ్చాడు. అప్పటికే బస్సు కోసం జనం నిండుగా ఉన్నారు. నిచ్చెన జారుతోంది, కింద గడ్డకట్టిన మంచు. నేను పట్టుకోబోయేలోగా ఇంకో రెండు చేతులు వచ్చి పట్టుకున్నాయి. నుర్జాత్. కాలేజీకి బయల్దేరిన పిల్ల, సంచి అలా మంచులో పడేసి.

“పైకెక్కమ్మా. నేను పట్టుకున్నా.”

ఒక్కో తాడూ కత్తిరించింది. బ్యానరు మడతలు పడుతూ కిందికి వాలింది. జనంలో ఎవరో చప్పట్లు కొట్టబోతే పైనుంచే కసిరింది. “చప్పట్లు కొట్టకండి! నేనేం ఆటాడటం లేదిక్కడ!”

అరగంటకి మా ప్రాంతం పోలీసు, లెఫ్టినెంటు తాలాయ్ వచ్చాడు. కుర్రవాడు. నా దగ్గర రోజూ రొట్టె కొంటాడు.

“ఎజే, ఇది నేరం. ఎన్నికల ప్రచారపు సామాను పాడుచేశారు.”

“ఆ వీపెవరిది?”

“మీదే.”

“కోటెవరిది?”

“మీదే.”

“నా కోటు, నా వీపు. కిందకి దించుకోవడానికి నాకు నీ పర్మిషన్ కావాలా?”

తాలాయ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. “కింద పార్టీ పేరుంది కదా ఎజే. అది వాళ్ళది.”

“సరే.” కత్తెరతో పార్టీ పేరున్న పట్టీ వరకూ చక్కగా కత్తిరించి అతని చేతిలో పెట్టింది. “ఇది వాళ్ళకిచ్చెయ్. నా వీపు నేను తీసుకెళ్తున్నా.”

స్టేషనుకి తీసుకెళ్ళక తప్పలేదతనికి. వెళ్ళే దారిలో నా దగ్గర రెండు రొట్టెలు కొని ఒకటి ఆమెకిచ్చాడు. కోర్టులో జరిమానా వేశారు. వీధి ఆడవాళ్ళం చందా వేస్తామంటే ఒప్పుకోలేదు. “గొడవ నాది” అంది. ఇంట్లోనే పరుపులు కుట్టి కట్టింది.

షెర్నియాజోవ్ గెలిచాడు. అవతలి పార్టీకీ కొన్ని సీట్లొచ్చాయి. ఎవరి బోర్డులు వాళ్ళు పీక్కుపోయారు. మలుపులో మళ్ళీ చీకటి. జుమాష్ బాయ్‌కేకి మనవరాలు పుట్టింది, వెచ్చటి గదిలోనే పుట్టింది. మార్చిలో అతను అతుకు పట్టుకుని వచ్చాడు. అతనొక్కడే కాదు, చాలామంది వచ్చారు.

గుల్‌బారా పనికి పిలవలేదు. వేసవిలో కంటెయినర్ల బజారు నుంచి ఇద్దరాడవాళ్ళు ఒక పాత మిషను టాక్సీలో వేసుకుని వచ్చారు. ఊరికే ఇస్తామంటే బురుల్చా తీసుకోలేదు. చివరికి ముగ్గురూ కలిసి ఆమె ముందు గదిలో స్కూలు యూనిఫారాలు కుట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఏడుగురున్నారు. బయట ఏ బోర్డూ లేదు. అందరికీ తెలుసు ఎక్కడో. నుర్జాత్ ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరింది. నర్సు దుస్తులు తల్లి కుట్టినవే వేసుకుంటుంది.

మొన్న శీతాకాలం నగర మండలి ఎన్నికలొచ్చాయి. ఎవరో కొత్త అభ్యర్థి, కొత్త కుర్రాడు, కొత్త జాకెట్ల మూటలు. ఈసారివి నీలం రంగు. కుర్రాడు జాగ్రత్తగా ఒకటి విప్పి ముందూ వెనకా తిప్పి చూపించాడు.

“చూడండెజే, ఎక్కడా ఏమీ రాయలేదు. మీ సంగతి మాకు తెలుసు.”

“సంతోషం బాబూ. అక్కడ పెట్టు” అంది.

వాడు వెళ్ళాక ఆడవాళ్ళం మూటలు విప్పాం. బురుల్చా ఒక జాకెట్ తీసుకుని కాలరు చూసింది, అస్తరు తడిమింది, లోపలి జేబులో చెయ్యి పెట్టింది. నాలుగు మడతల కాగితం బయటికొచ్చింది. అభ్యర్థి నవ్వు ముఖం, వెయ్యబోయే రోడ్ల జాబితా. ఇంకోటి తీసింది. అందులోనూ ఉంది. అన్నిట్లోనూ ఉన్నాయి.

మేమందరం ఆమె ముఖం వైపే చూశాం, ఇప్పుడేమంటుందోనని. ఆమె ఆ కాగితాలన్నీ ఒళ్ళో పోగేసి, పొయ్యి తలుపు తీసి, గుప్పెడు గుప్పెడుగా లోపలికి వేసింది. బొగ్గు ఇట్టే అంటుకుంది.

“ఈసారి జేబులో దాచారంటే కొంచెం సిగ్గు నేర్చుకున్నారన్నమాట” అంది చేతులు దులుపుకుంటూ. “ఇంకో రెండు ఎన్నికలు కానీ, పూర్తిగా నేర్పిస్తాను.”